చీకటి దొరకని చామంతులు

ఉద్యోగం మానేశాక నా కోపం తగ్గుతుందని మా ఇంట్లో అందరూ ఆశపెట్టుకున్నారు. తగ్గలేదు. ఇన్నేళ్ళూ నర్సరీల్లో, ఆఫీసుల్లో, ఆసుపత్రి వరండాల్లో పూలకుండీలు పెంచుతూ, పెంచేవాళ్ళకి సలహాలు చెబుతూ బతికాను. పూలతో పని కదా, ఎంత హాయి అంటారు జనం. హాయీ లేదు, గాడిదగుడ్డూ లేదు. పూలు పూసినంతకాలం మన మొహం ఎవరూ చూడరు. పూయని రోజున ఎవడో ఒకడి పీక పట్టుకోవాలని బయల్దేరతారు.

ఈ మధ్య ఉద్యాన కోర్సులు చదివిన పిల్లలు కొందరు ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. సరే, రాస్తున్నాను. ఏ ఏడాది ఏ హోదాలో ఉన్నానో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవి నాకే పనికిరాలేదు, మీకేం పనికొస్తాయి? పువ్వు ఎందుకు పూస్తుంది, ఎందుకు పూయదు, పూయనప్పుడు మనుషులు ఎవరి మీద పడతారు, ఇదీ నేను రాయగలిగింది. మీ పుస్తకాల్లో మొదటి రెండూ ఉంటాయి. మూడోది ఉండదు. ఉద్యోగంలో సగం అదే.

ఎండ అనే మాట

మన భాషలో వెలుతురూ ఎండే, వేడీ ఎండే. "అబ్బ, ఏం ఎండ" అన్నామంటే వెలుగు బాగుందని కాదు, చెమట కారిపోతోందని. కళ్ళంలో మిరపకాయ ఎండాలంటే రెండూ కలిసే కావాలి. అందుకని మా గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకి వాటిని విడదీసి చూడాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. కుండీలో పూలమొక్క పెంచేవాడికి మాత్రం ఆ అవసరం రోజూ ఉంటుంది. వెలుతురు ఎంత గట్టిగా ఉందన్నది ఒకటి, అది రోజులో ఎంతసేపు ఉందన్నది ఇంకొకటి, గాలి ఎంత వేడిగా ఉందన్నది మరొకటి. మొక్క ఈ మూడింటినీ దేనికది చూసుకుంటుంది. మనం మూడింటినీ ఒకే మాటలో కట్టిపడేసి, "ఎండలో పెట్టాంగా, ఇంకేం రోగం?" అంటాం.

కాగితం పూల మొక్కని తెచ్చి పోర్టికో నీడలో పెట్టి, పూయట్లేదని ఏడ్చినవాళ్ళని చూశాను. దానికి నెత్తిమీద నేరుగా వెలుతురు పడాలి. ఆంథూరియంని ఏప్రిల్‌లో డాబా మీద పెట్టి, ఆకులు మాడ్చి, నర్సరీ వాడు మోసం చేశాడని పోట్లాటకి వచ్చినవాళ్ళనీ చూశాను. దానికి వడకట్టిన వెలుతురు చాలు. కొన్ని ఆర్కిడ్లు రాత్రులు చల్లబడితేగానీ పూలకాడ వేయవు. ఏసీ పెట్టెలోంచి బయటికి వచ్చే గాలి చల్లగా ఉంటుందనుకుని, ఆ పెట్టె ముందు ఆర్కిడ్ పెట్టిన మహానుభావుడు కూడా ఉన్నాడు. అది ఇంట్లోంచి తోడిన వేడంతా కక్కే చోటు నాయనా అంటే, "ఏసీయే కదండీ" అన్నాడు.

ఇక చామంతి. ఇది వెలుతురు కోసం ఎదురుచూసే మొక్క కాదు, చీకటి కోసం ఎదురుచూసే మొక్క. దసరా దగ్గరపడేకొద్దీ పగళ్ళు కురచై రాత్రులు సాగుతాయి. అలా సాగిన రాత్రంతా తెంపు లేని చీకటి దొరికితే, అప్పుడు మొగ్గ కడుతుంది. నడిమధ్యలో ఒక దీపం వెలిగిందా, రాత్రి రెండు ముక్కలవుతుంది. ఇంకా పగళ్ళు పొడుగ్గానే ఉన్నాయనుకుని ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. ఎర్రాకుల పాయిన్‌సెట్టియాదీ ఇదే వరస.

గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరు గారు క్లినిక్ రిసెప్షన్‌లో ఆ పాయిన్‌సెట్టియా పెట్టుకున్నాడు. కొన్నప్పుడు ఎర్రగా ఉంది, మరుసటి ఏడు పచ్చగానే ఉండిపోయింది. "విటమిన్ లోపమా అండీ?" అని అడిగాడు.

"నిద్రలోపం" అన్నాను. "రాత్రి ఇక్కడ ట్యూబులైటు ఆర్పుతారా?"

"ఎట్టా ఆర్పుతామండీ, సీసీ కెమెరా ఉందిగా."

"అయితే సాయంత్రం కాగానే దీన్ని లోపలి గదిలో పెట్టి తలుపేయించండి. పొద్దున్నే బయట పెట్టించండి."

"రోజూనా?"

"మీరు బీపీ మాత్ర రాసినప్పుడు పేషెంటు 'రోజూనా' అంటే ఊరుకుంటారా?"

పాపం, నవ్వి, చెప్పినట్టే చేశాడు. క్రిస్మస్ నాటికి మొక్క ఎర్రబడింది. చదువుకున్న మనిషి చెబితే వింటాడనుకున్నాను అప్పట్లో. అదే తెలివి అన్ని చోట్లా పనిచేస్తుందనుకోవడం నా పిచ్చి.

నల్లపాడు నర్సరీ

నా పనిలో ఎక్కువ కాలం నల్లపాడు దాటాక ఉన్న ఒక నర్సరీలోనే గడిచింది. యజమాని వెంకటేశ్వర్లు గారు. మిర్చి వ్యాపారం చేసి, అందులో విసిగి, పూలలోకి దిగాడు. చెడ్డమనిషి కాదు. చెడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదు. చెడ్డవాడి దగ్గర మనం జాగ్రత్తగా ఉంటాం.

ఆ నర్సరీలో చామంతుల పనంతా నాగమణిది. పక్క ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చేది. కొమ్మ కటింగులు నాటడం, వేరు పట్టాక కుండీల్లోకి మార్చడం, మొక్క గుబురు కట్టాలంటే అదును చూసి తలలు తుంచడం, ఆకు తడవకుండా మొదట్లో నీళ్ళు పోయడం, ఇవన్నీ నేనే నేర్పాను. నేర్చుకునేటప్పుడు తప్పులు చేసింది, నాచేత తిట్లు తింది, పని పట్టుకుంది. అందరూ ఏ పనైనా నేర్చుకునేది అలాగే. ఇందులో మహిమ ఏమీ లేదు.

వెంకటేశ్వర్లు గారికి మహిమ కావాల్సొచ్చింది. కొనడానికి వచ్చినవాళ్ళందరితో, "మా నాగమణి హస్తవాసి అండీ ఇదంతా! ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తది" అనేవాడు. ఊళ్ళోనూ ఆమెకి అదే పేరు. మిరపనారు నాటేటప్పుడు మొదటి మొక్క ఆమె చేత పెట్టించేవాళ్ళు. పత్తి గింజలు వేసేటప్పుడు మొదటి గుప్పెడు ఆమె చేత వేయించేవాళ్ళు. ఆ మర్యాద వెంటే సెలవు రోజుల్లో కూలి పనులూ వచ్చేవి.

హస్తవాసి అనే మాట నాకు మొదట్నుంచీ గిట్టదు. చాలామంది దాన్ని పొగడ్త అనుకుంటారు. నేర్చుకున్న పనిని మనిషి దగ్గర లాక్కుని జాతకానికి కట్టబెట్టడం అది. పని వచ్చినవాడి దగ్గర్నుంచి పనిని ఎవడూ తీసుకోలేడు. వాసి మాత్రం ఎప్పుడైనా పోయిందనొచ్చు. చెయ్యి మంచిదన్న నోటికి చెయ్యి చెడ్డదనడం ఎంతసేపు?

ఆ ఏడు

ఆ వేసవిలో నాగమణి భర్త పోయాడు. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసేవాడు. గుండెపోటు. పెద్దకర్మ అయ్యేదాకా ఆమె పనిలోకి రాలేదు. ఆలోగా రోడ్డు వైపు వరసల్లో కటింగులు మిగతా ఆడవాళ్ళు నాటారు. ఆమె తిరిగొచ్చాక వెనక గోడ వైపు వరసలన్నీ తనే నాటింది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీన్ని పట్టుకునే ఆమెని ఉరితీశారు.

వెనక గోడ అవతల మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. ఆ వానాకాలంలో అక్కడ దొంగతనం జరిగిందని, గోడ వెంట స్తంభాలు వేసి పెద్ద పెద్ద ఫ్లడ్‌లైట్లు బిగించారు. మేమంతా పొద్దు వాలకముందే ఇళ్ళకి పోయేవాళ్ళం. చీకటి పడ్డాక నర్సరీ ఎలా ఉంటుందో చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు.

దసరా వచ్చింది. రోడ్డు వైపు చామంతులు మొగ్గ తొడిగాయి. గోడ వైపువి ఏపుగా, నల్లగా, గేదె మేతలా పెరుగుతున్నాయే తప్ప ఒక్క మొగ్గ లేదు. వెంకటేశ్వర్లు గారు నాతో ఒక్క మాటైనా అనకుండా బజారుకి పోయి పూత మందు తెచ్చి కొట్టించాడు. అది మిరపతోటకి కొట్టేది. మా జిల్లాల్లో ఇదొక జబ్బు. ఆకు ముడిస్తే మందు, పూత రాలితే మందు, ఏమీ కాకపోతే పక్కవాడు కొట్టాడని మందు. "చామంతికీ పూతేగా అమ్మాయ్ కావాల్సింది?" అన్నాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. ఆయన రెండోసారి కూడా కొట్టించాడు.

అప్పుడే ఒంగోలు నుంచి ఏటా పూలకి వచ్చే వ్యాపారి ఒకడు వరసల మధ్య తిరుగుతూ, "ఇటు పక్క ఎవరు నాటారు?" అని అడిగాడు. నాగమణి అని చెప్పారు. "మొన్న భర్త పోయాడన్నారు, ఆమేనా? ఇంకేం పూస్తయ్యండీ. పూల దగ్గర బొట్టు చెరిగినదాని చెయ్యి పెట్టిస్తారా ఎవరన్నా?" అన్నాడు. నలుగురూ వింటుండగానే అన్నాడు. ఆ నలుగురిలో నాగమణి కూడా ఉంది. చేతిలో ఉన్న కుండీ కింద పెట్టి పక్కకి వెళ్ళిపోయింది.

రోడ్డు వైపు వేరేవాళ్ళు నాటినవి మొగ్గ తొడిగాయి, గోడ వైపు ఈమె నాటినవి తొడగలేదు. ఇంకేం కావాలి? మూర్ఖత్వానికి రుజువు దొరికితే దాన్ని ఆపడం బ్రహ్మతరం కాదు. మర్నాటి నుంచి నాగమణిని చామంతుల దగ్గరికి రానివ్వకుండా పాత కుండీలు కడిగే పనిలో వేశారు.

లైటుకి వేడి లేదుగా!

ఒకరోజు హైదరాబాదు లారీ ఆలస్యమై, లోడు ఎక్కించేదాకా ఉండిపోవాల్సొచ్చింది. పొద్దు గూకింది. వెనక్కి తిరిగి చూద్దును కదా, గోడ పక్క వరసలన్నీ పట్టపగల్లా ఉన్నాయి. వెళ్ళి మొక్కల మధ్య చెయ్యి చాపాను. నా అరచేతిలో గీతలు కనిపిస్తున్నాయి. రోడ్డు వైపు నడిచాను, నా చెయ్యే నాకు కనపడలేదు. అప్పుడు నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పరుగులాంటి నడకతో ఆఫీసుగదికి వెళ్ళి వెంకటేశ్వర్లు గారిని చెయ్యి పట్టి లాక్కొచ్చినంత పనిచేశాను.

"చూడండి. ఇదీ మీ రోగం. ఈ మొక్కలకి రాత్రే లేదు."

ఆయన లైట్ల వైపు చూశాడు, మొక్కల వైపు చూశాడు. "లైటుకి పూత ఆగుద్దంటే నేను నమ్మనమ్మాయ్. ఇవి ఎల్‌ఈడీలు. చల్లటి లైట్లు. దీనికి వేడే లేదు, ఇదేమన్నా ఎండా?"

"ఎండ కాదండీ, వెలుతురు!"

"రెండూ ఒకటేగా."

 పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మాట్లాడుతున్న మాట మనిషికి కళ్ళు లేకుండా చేయడం అంటే ఇదే.

కోల్డ్ స్టోరేజీ మేనేజర్ దగ్గరికి పోయాను. "మీ పూల కోసం మా మిర్చిని చీకట్లో పెట్టమంటారా మేడమ్? రైతుల సరుకు అది, పోతే ఎవరు చెప్తారు సమాధానం?" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతని పని అతను చేస్తున్నాడు. కాబట్టి చీకటి మేమే చేసుకోవాలి. సాయంత్రాలు మొక్కల మీద నల్లటి మందపాటి గుడ్డ కప్పి, పొద్దున్నే తీయాలి. గుడ్డ తెప్పించమని వెంకటేశ్వర్లు గారికి చెప్పాను, కారణంతో సహా చెప్పాను. గాలాడాలి, లోపల వేడి నిలవకూడదు, చీకటికి ఉక్క తోడైతే మొగ్గ రాదు సరికదా, ఉన్న చిగురు కూడా ఉడుకుతుంది అన్నాను. ఆయన తలూపాడు. తలూపి, గోడౌనులో మూలన పడున్న నల్ల ప్లాస్టిక్ పట్టాలు బయటికి తీయించాడు. వానొస్తే కళ్ళంలో మిర్చి మీద కప్పేవి. "ఇవీ నల్లవేగా. కొత్తగా గుడ్డలెందుకు?"

ఆ రోజు నేను మంగళగిరి వైపు పనిమీద వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పని పూర్తయింది. మధ్యాహ్నం భోజనాలవగానే, మిట్టమధ్యాహ్నపు ఎండలో, గాలి చొరకుండా అంచుల మీద రాళ్ళు పెట్టి మరీ కప్పించాడు. కప్పడానికి మనుషులు చాలక కుండీలు కడుగుతున్న నాగమణిని కూడా పిలిచాడు. పట్టా ఎత్తేసరికి లోపల్నుంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. లేత చిగుళ్ళన్నీ తోటకూర ఉడికినట్టు వేలాడిపోయాయి.

వెంకటేశ్వర్లు గారు ఏమన్నాడో చెప్పనా? పట్టా తప్పనలేదు. మిట్టమధ్యాహ్నం కప్పడం తప్పనలేదు. "ఆమె చెయ్యి పడింది, ఉన్నవి కూడా పోయినయ్" అన్నాడు.

కార్తీకం వచ్చేసింది, అప్పటికే ఆయన మాల వేసుకుని దీక్షలో ఉన్నాడు. దీక్షలో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళని మాత అని పిలవాలి. మంచి ఆచారం. మర్నాడు పొద్దున్నే పనివాళ్ళందరూ చేరాక, నల్లబట్టల్లో, విభూతితో, చేతులు జోడించి మరీ అన్నాడు: "మాతా, రేపట్నుంచి నువ్వు రావద్దు. నీ చేతికి పూలు అచ్చిరావట్లా."

నాగమణి అన్నం డబ్బా తీసుకుని గేటు వైపు నడిచింది. ఎవడూ ఒక్క మాటనలేదు. నేనన్నాను, గొంతు పోయేదాకా అన్నాను. "స్వామీ, ఆడదాన్ని మాత అని పిలిచి తరిమేసే దీక్ష ఏ కొండ మీద నేర్పారు?" అన్నాను. ఆయన చెవులు మూసుకుని, "దీక్షలో ఉన్నా, నాకు కోపం తెప్పించబాకమ్మా" అన్నాడు. అదీ వరస. మనిషి పొట్ట కొట్టడం వల్ల దీక్షకి భంగం లేదు, కోపం వస్తేనే భంగం.

నౌకరీ పోవడం ఒక్కటే అయితే ఇంకో నర్సరీలో చేర్పించి ఉండేదాన్ని. అసలు దెబ్బ ఊళ్ళో తగిలింది. నర్సరీ వాళ్ళే ఈమె చెయ్యి మంచిది కాదని పంపించారని ఆటో కంటే ముందు మాట ఊరు చేరింది. ఆలస్యంగా మిరపనారు నాటుతున్నవాళ్ళు కూడా ఆమెని పిలవడం మానేశారు. మొదటి మొక్క మాట సరే, చివరి మొక్కకి కూడా పిలవలేదు. వాళ్ళింటికి వెళ్తే గుమ్మంలో కూర్చుని ఉంది. "పత్తి తీతలకైనా రమ్మంటారేమో చూశానండీ మేడమ్. చెట్టు మీద కాసిన పత్తికి కూడా నా చెయ్యి తగలకూడదంట. ఇంక నేనేం తిని బతకాల?" అంది. ఏడవలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ముత్తైదువ నీళ్ళు

నేను మళ్ళీ యజమాని దగ్గరికే వెళ్ళాను. గోడ పక్క మొక్కల్లో ఉడికిపోయినవి ఎలాగూ పెంటదిబ్బ మీద పారేయమన్నాడు. "వాటిల్లో కొన్ని నేను తీసుకుపోతాను" అన్నాను. "పారేసేవేగా, పట్టుకుపో" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. వేళ్ళు బాగున్న కుండీలు ఏరి, ట్రక్కు ఆటోలో వేయించి నాగమణి ఇంటి పెరట్లో దింపించాను. వాళ్ళిల్లు ఊరి చివర. వీధిలైటు అక్కడిదాకా రాదు. పగలంతా మంచి వెలుతురు, పొద్దు గూకితే పెరడంతా కాటుక.

"ఇవి నాకెందుకండీ? ఇవి కూడా పూయకపోతే ఈ ఊళ్ళో నేను తలెత్తుకుని తిరగలేను" అంది.

"పూస్తాయి. నీ చేత్తోనే నీళ్ళు పొయ్యి. పెరట్లో దీపం మాత్రం పెట్టకు."

"మీకెట్టా తెలుసండీ పూస్తాయని?"

"నా ఉద్యోగమే అది" అన్నాను. అంత గట్టిగా అన్నానే గానీ ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఉడికిన చిగురు మళ్ళీ వేయాలి, రాత్రులు బాగా చల్లబడాలి. మొక్కకి మనం మాటిచ్చామని తెలియదు కదా.

ఇక్కడ నర్సరీలో ఏం జరిగిందో వినండి. గోడ పక్క పట్టాలు చాలక ఉడకకుండా మిగిలిన వరసల్ని ఆయన ఊరికే వదల్లేదు. దోషం పోవాలని వాళ్ళావిడ సీతారత్నం గారిని రోజూ కారులో తీసుకొచ్చి నీళ్ళు పోయించాడు. పసుపు రాసుకున్న కాళ్ళు, చేతి నిండా గాజులు, రూపాయి కాసంత బొట్టు. ఆవిడ ఆ పట్టుచీరతోనే పైపు పట్టుకుని వరసల మధ్య బురదలో నడిచేది. మొదట్లో సరదాగా ఉంది ఆవిడకి. తర్వాత జలుబు చేసింది. ఆ తర్వాత కోపమొచ్చింది. మార్గశిరం నడుస్తోంది, రోడ్డు వైపు చామంతులు విరగబూసి లారీలెక్కుతున్నాయి, ఈవిడ పోసిన వరసల్లో ఒక్క మొగ్గ లేదు.

ఒకరోజు అందరి ముందూ పైపు కింద పడేసింది. "ఏమండీ, నేను ముత్తైదువనేగా? మరి నా చేతికెందుకు పూయలా? చెప్పండి! నా చెయ్యి కూడా చెడ్డదేనా? లేకపోతే మీరు పోయారా?"

"ఛఛ, అవేం మాటలే!"

"మాటలు కాదు. ఆ మేడమ్ లైటు లైటని మొత్తుకుంటంటే వినకుండా, ఆ పిల్లని వెళ్ళగొట్టి, నన్ను బురదలో తిప్పారు. పూయాల్సింది మొక్కలు కాదు, మీ బుర్ర!"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను విన్న సాంకేతిక నివేదికలన్నిట్లో అదే సరైనది.

కొత్తగా వచ్చేవాళ్ళకి

కథ పూర్తిచేసే ముందు మీతో నాలుగు మాటలు చెప్పి తీరాలి. మొక్క పూయలేదని పిలిస్తే పగలు మాత్రమే వెళ్ళి చూసి రావద్దు. చీకటి పడ్డాక కూడా వెళ్ళి చూడండి. వీధిలైటు, పక్కింటి బాల్కనీ లైటు, ఆసుపత్రి బోర్డు, పెళ్ళిపందిరి దీపాలు, అన్నీ మొక్క లెక్కలోకి వస్తాయి. నిలబడి మీ అరచేతిలో గీతలు కనిపిస్తున్నాయంటే చామంతికి అక్కడ రాత్రి లేనట్టే. చీకటి కోసం కప్పేది గాలాడేదై ఉండాలి, పొద్దు వాలాక కప్పాలి. మా ప్రాంతంలో ఆశ్వయుజంలో కూడా ఉక్క పోదు. వేడెక్కిన రాత్రుల్లో మొగ్గ ఆలస్యమవుతుంది, దానికి ఎరువు పోసి లాభం లేదు, ఓపిక పట్టాలి. లైటు ఆర్పించలేని చోట చామంతి పెట్టకండి. ఆ గోడ పక్కన మరుసటి ఏడు క్రోటన్లు పెట్టాం, హాయిగా పెరిగాయి. ఆ లైట్లు ఇప్పటికీ వెలుగుతూనే ఉన్నాయి.

ఇదంతా నేర్చుకోవడం తేలికే. కష్టమైనది ఇంకోటుంది. మీరు కారణం చెప్పేలోగా ఎవరో ఒకరు మనిషిని చూపిస్తారు. ఆ మనిషి ఎప్పుడూ యజమాని అవడు, మందుల కొట్టువాడవడు. నీళ్ళు పోసేవాడో, తలలు తుంచేదో అవుతుంది. అప్పుడు మీరు సాంకేతిక సలహాదారు, మనకెందుకులే అని ఊరుకున్నారంటే మీ డిగ్రీ చింపి పారేయండి. మెల్లగా, మర్యాదగా చెప్పండి అంటారు పెద్దలు. నేను మెల్లగా చెప్పిన చోట ఎవడూ వినలేదు. అరవండి.

గేటు దగ్గర

పుష్యం చలి మొదలయ్యాక, కొత్త సంవత్సరం ముందర, నాగమణి పెరట్లో చామంతులు పూశాయి. పసుపు, తెలుపు, ముదురు ఎరుపు. ఉడికి చచ్చినవనుకున్న మొక్కలే, ఆకు కనపడకుండా కుండీ మీద గంప బోర్లించినట్టు పూశాయి. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ప్రహరీ మీదనుంచి చూసి పోతున్నారు. చూస్తున్నారు గానీ ఏమీ అనట్లేదు. నాగమణే నాకు ఫోన్ చేసింది: "ఆటో తీసుకురండి మేడమ్. వీటిని అక్కడికే తీసుకుపోదాం."

నర్సరీలో ఆ రోజు జనం కిటకిటలాడుతున్నారు. కొత్త సంవత్సరానికి కుండీలు కొనేవాళ్ళు, లోడెత్తేవాళ్ళు, మా పనివాళ్ళు. ఆ ఒంగోలు వ్యాపారి కూడా ఉన్నాడు. ట్రక్కు ఆటో గేటు ముందు ఆగింది. కుండీల మధ్య నాగమణి కూర్చుని ఉంది. వెంకటేశ్వర్లు గారు దీక్ష పూర్తిచేసి, మాల తీసి, మామూలు తెల్లచొక్కాలో బయటికి వచ్చాడు. కుండీలు చూశాడు. నా మొహం చూశాడు. వెనకనుంచి సీతారత్నం గారు వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఓర్నీ! పెంటదిబ్బ మీదికి పోవాల్సినయ్యేనా ఇవి?" అని నవ్వాడు. "నేను చెప్పలా? మన నాగమణి హస్తవాసి మళ్ళీ తిరిగొచ్చింది! రామ్మా, లోపలికి రా. ఇవాళే పనిలో చేరు."

నాగమణి ఆటో దిగలేదు. "తిరిగి రావటానికి అదెక్కడికి పోయింది అయ్యగారూ?"

ఆయన నవ్వు ఆగింది.

"ఆ రోజు పొమ్మన్నప్పుడు ఇంతమందీ ఇక్కడే ఉన్నారు. నా చేతికి అచ్చిరావట్లేదని అందరూ వినేట్టు చెప్పారు. మా ఊరికి కూడా వినపడింది. ఎందుకు పూయలేదో కూడా అట్టాగే చెప్పండి."

"అది... లైటు మూలాన అంటంది మేడమ్..."

"మేడమ్ అంటం కాదండీ. మీరేమంటారు?"

"సరేలే, లైటు వల్లే అయ్యుంటది. లోపలికి రా, మాట్లాడుకుందాం."

"వినపళ్ళా" అంది నాగమణి.

వెనకనుంచి సీతారత్నం గారు, "నాకూ వినపళ్ళా" అంది.

ఆయన మెడ ఎర్రబడింది. ఒంగోలు వ్యాపారి వైపు చూశాడు, వాడు ఫోన్ చూసుకుంటున్నాడు. పనివాళ్ళ వైపు చూశాడు, వాళ్ళు కళ్ళు దించుకోలేదు. చివరికి గొంతు పెంచి అన్నాడు: "ఆమె చేతిలో తప్పు లేదయ్యా! ఆ లైట్ల వల్ల పూయలా. నేను పట్టా కప్పించి ఉడకబెట్టా. తప్పు నాదే. సరిపోయిందా?"

నాగమణి ఆటో దిగింది. గేటు దాటి లోపలికొచ్చి, అన్నం డబ్బా చెట్టు కింద పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, పైపు చేతిలోకి తీసుకుంది. పైపు ఎండిపోయి ఉంది.

"అట్టా నిలబడ్డారేంది?" అంది. "పోయి మోటరెయ్యండి."

వెంకటేశ్వర్లు గారు వెళ్ళి మోటరు వేశాడు.